మంచాన పడ్డోళ్లను చూసుకునే మనుషులేరి? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఇంటి వద్ద వైద్యసేవ

పక్షవాతం వచ్చిన పెద్దమనిషిని కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో పది రోజులు దవాఖానలో ఉంచి డిశ్చార్జ్ చేస్తరు. ముక్కుకు ఒక పైపు, మూత్రానికి ఒక పైపు, చేతిలో మందుల సంచి. "రెండు గంటలకోసారి పక్క మార్చండి, రోజూ ఫిజియోథెరపీ చేయించండి, పైపు తేదీ దాటకుండా మార్పించండి" అని చెప్పి పంపిస్తరు. అంబులెన్స్ కోరుట్లలో ఇంటి ముందు దింపి ఎల్లిపోతది. ఇక ఆ మూడు పనులు చేసే మనిషి కోసం ఇంటోళ్ల వెతుకులాట మొదలైతది. చుట్టాలకు, మెడికల్ షాపుకు, తెలిసిన ప్రతి నర్సుకు ఫోన్లు పోతయి. "పగటి పూటైతే వస్తా, రాత్రి కుదరదు" అని ఒకరంటే, "మీ ఊరికి బస్సు లేదు" అని ఇంకొకరంటరు.

ఆరోగ్యశ్రీ కార్డు ఆపరేషన్ ఖర్చు భరిస్తది, దవాఖాన మంచం దాకా తోడుంటది. ఇంట్లో మంచం పక్కన నిలబడే మనిషి జీతం మాత్రం ఆ లెక్కలోకి రాదు. మన ప్రాంతంలో సేవ తెలిసినవాళ్లు లేరని కాదు. ఉన్నవాళ్లలో చాలామంది పరాయి దేశంలో పరాయి ముసలోళ్లకు సేవ చేస్తున్నరు. ఇక్కడ మిగిలినవాళ్లను ఎట్ల పంచుకోవాలో ఎవరూ సరిగ్గా లెక్క వేయలేదు. ఈ రెండింటి గురించే ఈ వ్యాసం.

ఏ పని ఎవరిది

ఇంటి వద్ద సేవను ఒకే పని అనుకోవడంతోనే పొరపాటు మొదలవుతుంది. ఇందులో కనీసం మూడు పనులున్నాయి. ఇంజెక్షన్, గాయం డ్రెస్సింగ్, ముక్కు పైపు, మూత్రం పైపు మార్చడం నర్సు పని. మూడేళ్ల జీఎన్‌ఎం గానీ, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లే ఈ పని చేయాలి. స్నానం చేయించడం, పక్క మార్చడం, తినిపించడం, బట్టలు మార్చడం అటెండెంట్ పని. ప్రభుత్వ నైపుణ్య శిక్షణలో దీనికి 'జనరల్ డ్యూటీ అసిస్టెంట్', 'హోమ్ హెల్త్ ఎయిడ్' అనే కోర్సులున్నాయి. కొన్ని నెలల శిక్షణ అంతే. మూడోది ఫిజియోథెరపిస్టు పని, పడిపోయిన చెయ్యికి, కాలికి మళ్లీ కదలిక నేర్పడం.

ఈ తేడా తెలియకపోతే రెండు విధాల నష్టం. అటెండెంట్‌కు జీతమిచ్చి నర్సు పని చేయమంటే రోగికి ప్రమాదం. నర్సును పెట్టుకొని పొద్దంతా బట్టలు మార్పిస్తే, ఉన్న కొద్దిమంది నర్సుల సమయం ఒకే ఇంట్లో ఖర్చయిపోతది. పక్క వీధిలో పుండుకు డ్రెస్సింగ్ లేక ఇంకొకరు చీము పట్టి ఉంటరు.

సర్కారు లెక్కలో ఉన్నవాళ్లు

ఊర్లో ఇంటికి వచ్చే మొదటి మనిషి ఆశా. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రకారం వెయ్యి జనాభాకు ఒక ఆశా ఉండాలి. ఇంటికి నలుగురు అనుకుంటే ఒక్కో ఆశాకు 250 ఇండ్లు. ఆమెపైన ఐదు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం, అందులో ఏఎన్‌ఎం. ముప్పై వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. గిరిజన ప్రాంతాల్లో ఈ లెక్క ఇంకొంచెం తక్కువ జనాభాకు ఉంటుంది. కొన్ని ఉపకేంద్రాలను పల్లె దవాఖానలుగా మార్చి, అక్కడ ఎంబీబీఎస్ లేదా ఆయుష్ డాక్టరును, లేదా బీఎస్సీ నర్సును పెడుతున్నరు.

2011 జనగణన నాటి లెక్కతో చూస్తే ఇప్పటి జగిత్యాల జిల్లా జనాభా సుమారు 9.85 లక్షలు, రాజన్న సిరిసిల్ల జిల్లా సుమారు 5.52 లక్షలు. ఈ రెండు జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఉమ్మడి కరీంనగర్ నుంచి విడిపోయాయి. జిల్లా కేంద్రం దగ్గరికి రావడంతో దవాఖాన కూడా దగ్గరైంది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఇవి మంచి మార్పులే. అయితే ఇవన్నీ దవాఖాన లోపలి మంచాలు, దవాఖాన లోపలి మనుషులు. ఇంటికి వచ్చే మనుషుల లెక్క దీనితో పాటు పెరగలేదు.

కాగితం మీద మాత్రం ఇంటి సేవకు రెండు కార్యక్రమాలున్నాయి. మొదటిది 2010-11లో వచ్చిన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం. మంచాన ఉన్న వృద్ధుల ఇంటికి ఆరోగ్య కార్యకర్త వెళ్లాలని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి వృద్ధులకు ప్రత్యేక క్లినిక్ జరగాలని అందులో ఉంది. చేతికర్ర, వాకర్ లాంటివి కూడా ఆ కార్యక్రమం కిందికే వస్తాయి. చాలామందికి ఇది తెలియనే తెలియదు. అడిగితేనే బయటపడే పథకాల్లో ఇదొకటి.

రెండోది పాలియేటివ్ కేర్, అంటే నొప్పి తగ్గించి, ఉన్నన్నాళ్లు మనిషిని సుఖంగా ఉంచే సేవ. క్యాన్సర్ ముదిరినవాళ్లకు, కోలుకోలేని జబ్బులున్నవాళ్లకు ఇది అవసరం. ఈ విషయంలో తెలంగాణ చాలా రాష్ట్రాల కంటే ముందుంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన అనుభవంతో మొదలై, చేవెళ్ల లాంటి చోట్ల నడిచి, తర్వాత జిల్లాలకు విస్తరించింది. డాక్టరు, నర్సులు, ఫిజియోథెరపిస్టు ఉండే ఈ యూనిట్ల నుంచి 'ఆలన' అనే వాహనంలో సిబ్బంది ఇండ్లకు వెళ్తరు. మార్ఫిన్ లాంటి నొప్పి మందు దొరకడం కూడా 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించిన తర్వాత కొంత సులువైంది. జిల్లా మొత్తానికి బండి ఒకటే ఉన్నప్పుడు, అది ఏ రోజు ఏ మండలానికి పోతదన్నదే అసలు ప్రశ్న.

ఒక సిస్టర్, ఒక రోజు

కొరతను అర్థం చేసుకోవడానికి పెద్ద నివేదికలు అక్కర్లేదు, చిన్న లెక్క చాలు. ఒక నర్సు రోజుకు ఎనిమిది గంటలు పని చేస్తదనుకుందాం. డ్రెస్సింగ్, పైపు, బీపీ, షుగర్ చూసి ఇంటోళ్లకు నాలుగు మాటలు చెప్పాలంటే ఒక ఇంట్లో 40 నిమిషాలు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవడానికి అర గంట. భోజనం, రాతకోతలు తీసేస్తే రోజుకు ఆరు ఇండ్లు. వారానికి ఆరు రోజులు పని అంటే 36 సార్లు. ఒక్కో రోగికి వారానికి రెండుసార్లు వెళ్లాలంటే ఆమె చూడగలిగేది 18 మందిని. ప్రయాణం అర గంట నుంచి గంట అయితే ఇండ్లు నాలుగుకు పడిపోతయి, రోగులు 12 మంది అవుతరు. పని ఏమీ తగ్గలేదు, రోడ్డు మింగేసింది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి 63వ నంబరు జాతీయ రహదారి మీదనే ఉన్నాయి. ఈ దారిలో ఒక సిస్టర్‌కు ఇండ్లు కలిసి వస్తాయి. అదే మల్లాపూర్, బీర్‌పూర్, సారంగాపూర్ మండలాల్లో లోపలి ఊర్లయితే ఒక్క ఇంటికి పోయి వచ్చేసరికి పూట గడుస్తది. సిరిసిల్ల జిల్లాలో కోనరావుపేట, రుద్రంగి వైపు పరిస్థితి కూడా ఇంతే. అందుకే ప్రైవేటు హోమ్ కేర్ వాళ్లు పట్టణం దాటి రావడానికి ఇష్టపడరు, వచ్చినా ప్రయాణం ఖర్చు రోగి మీదనే పడుతుంది.

సర్కారు సిబ్బందికి ఇంకో చిక్కు. అదే ఆశా, అదే ఏఎన్‌ఎం టీకాలు వేయించాలి, గర్భిణుల పేర్లు రాయాలి, 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూడాలి, పోలియో చుక్కలకు తిరగాలి, కంటి వెలుగు వస్తే శిబిరంలో కూర్చోవాలి. 2021 మే నెలలో కరోనా రెండో దశలో రాష్ట్రమంతా ఇంటింటికీ జ్వర సర్వే చేసింది కూడా వీళ్లే. ప్రతి గడప తొక్కగలిగే బలగం మన దగ్గర ఉందని ఆ సర్వే చూపించింది. అయితే అది గడప దగ్గర ఐదు నిమిషాల పని. మంచం పక్కన 40 నిమిషాల పని వేరు.

ఇంత చేసే ఆశాకు దక్కేది జీతం కాదు, పారితోషికం. 2021-22లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నెలకు 7,500 నుంచి 9,750 రూపాయలకు పెంచింది. అది కూడా చేసిన పనిని బట్టి లెక్క కడతరు. 18 వేల స్థిర వేతనం కావాలని 2023లో ఆశాలు సమ్మె చేసిన్రు. రెండో ఏఎన్‌ఎంలు తమను పర్మినెంట్ చేయాలని అదే ఏడాది రోడ్డెక్కిన్రు. మంచాన ఉన్న మనిషి ఇంటికి వెళ్లడం వీళ్ల పనుల జాబితాలో చివరికి జారిపోతుందంటే, దానికి వాళ్ల సోమరితనం కారణం కాదు. లెక్క అడిగేవాళ్లు టీకాల లెక్క అడుగుతరు, పుండు మానిందా అని ఎవరూ అడగరు.

సేవ ఎగుమతి అవుతున్నది

మన ప్రాంతం గల్ఫ్‌కు మనుషులను పంపడం కొత్త ముచ్చట కాదు. దుబాయ్, సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్, ఒమన్‌లలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లు లేని పట్టణం ఉండదేమో. ఇజ్రాయెల్ సంగతి మాత్రం కొంచెం వేరు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి అక్కడికి పోయినవాళ్లలో చాలామంది చేసేది కేర్‌గివర్ పని, అంటే ముసలోళ్ల ఇంట్లోనే ఉండి రాత్రింబగళ్లు చూసుకోవడం. 2023 అక్టోబర్ 7న అక్కడ యుద్ధం మొదలైనప్పుడు ఇక్కడి ఇండ్లల్లో ఫోన్లు పట్టుకొని కూర్చున్న కుటుంబాల గురించి పేపర్లలో చదివినప్పుడే చాలామందికి ఈ సంగతి తెలిసింది.

అక్కడ ఈ పనికి చట్టం ఉంది. ఒంటరిగా పనులు చేసుకోలేని వృద్ధులకు ఇంటి సేవ అందించే దీర్ఘకాల సంరక్షణ బీమా చట్టాన్ని ఇజ్రాయెల్ 1986లో చేసింది, అది 1988 నుంచి అమల్లోకి వచ్చింది. సొంత మనుషులు చాలక విదేశీ కేర్‌గివర్లకు ప్రత్యేక పర్మిట్లు ఇస్తున్నరు, మామూలుగా 63 నెలల వరకు ఉండనిస్తరు. 2023 మే నెలలో భారత్‌తో కుదిరిన ఒప్పందంలో 42 వేల మంది కార్మికులు వెళ్లవచ్చన్నరు. అందులో 34 వేలు భవన నిర్మాణానికి, 8 వేలు ఇంటి సేవకు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులను జర్మనీకి, కేర్‌గివర్లను జపాన్‌కు, ఇజ్రాయెల్‌కు పంపడానికి ఎంపికలు చేస్తుంది, భాష నేర్పిస్తుంది.

పోయేవాళ్లను తప్పు పట్టడానికి లేదు. ఇక్కడ అటెండెంట్ పనికి అప్పు తీరేంత డబ్బు రాదు, పేరూ రాదు. కానీ చిత్రం చూడండి. కోరుట్ల పక్క ఊరి మనిషి టెల్ అవీవ్‌లో ఒక పెద్దాయనకు రెండు గంటలకోసారి పక్క మారుస్తుంటడు. ఆయన సొంత తండ్రికి ఇక్కడ పక్క మార్చే మనిషి కోసం వీడియో కాల్‌లో వెతుకుతుంటడు. డబ్బు పంపగలడు, మనిషిని పంపలేడు. తిరిగొచ్చిన కేర్‌గివర్లకు ఐదేళ్ల అనుభవం ఉంటది. పక్షవాతం, మతిమరుపు ఉన్న ముసలోళ్లను ఎట్ల చూసుకోవాలో వాళ్లకు ఏ కోర్సు కంటే బాగా తెలుసు. ఆ అనుభవానికి ఇక్కడ ఒక చిన్న పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చి, జిల్లాలో పనికి పెట్టుకునే ఏర్పాటు ఉంటే బాగుండేది. లేకపాయె. వాళ్లు తిరిగొచ్చి కిరాణా కొట్టో, ఆటోనో చూసుకుంటున్నరు.

"ఇంట్లోనే ఉంటది కదా"

జీతం లేని ఒక బలగం గురించి కూడా చెప్పాలి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు వేల మంది ఆడవాళ్లు ఇంట్లోనే బీడీలు చుడతరు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. "కోడలు ఇంట్లోనే ఉంటది కదా, అత్తను ఆమెనే చూసుకుంటది" అని అందరూ సులువుగా అనేస్తరు. ఆమె ఇంట్లో ఉన్నది ఖాళీగా కాదు. రెండు గంటలకోసారి చాట పక్కన పెట్టి లేస్తే ఆ రోజు బీడీల లెక్క తగ్గుతది, నెల చివర చేతికి వచ్చేది తగ్గుతది. సిరిసిల్లలో మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసే మగమనిషి ఇంటికొచ్చి రాత్రి మేలుకొని ఉండలేడు. ఆ రాత్రి కూడా ఆడమనిషి మీదనే పడుతుంది. ఆసరా పింఛన్ బీడీ కార్మికులకు ఉంది, బోదకాలు ఉన్నవాళ్లకు ఉంది. మంచాన ఉన్న మనిషిని చూసుకునేవాళ్లకు అట్లాంటిది ఏదీ లేదు.

మన బస్తీలల్లో ఇంకో చిక్కుంది. మంచాన ఉన్నది అమ్మో, నానమ్మో అయితే ఆడ అటెండెంటే కావాలంటరు, అది న్యాయమే. ఆమెకు ఉర్దూ తప్ప వేరే రాకపోతే అటెండెంట్‌కూ కనీసం ఆ మాటలు రావాలి. నొప్పి ఎక్కడని అడిగితే "కమర్ మే దర్ద్" అని చెప్పే మనిషికి నడుము అన్న మాట తెలియకపోవచ్చు. జబ్బుపడ్డ మనిషిని చూడటానికి ఇయాదత్‌కు వచ్చేవాళ్లకు కొదవ లేదు. తీమార్‌దారి, అంటే దగ్గరుండి సేవ చేయడం, ఒకరిద్దరి మీదనే పడుతుంది. సిబ్బందిని పంచేటప్పుడు భాష, ఆడ మగ తేడా చూడటం సౌకర్యం కోసం మాత్రమే కాదు. మాట అర్థం కాకపోతే నొప్పి లెక్క తప్పుతది, మందు మోతాదు తప్పుతది. రెండు భాషలు వచ్చిన మన ఆడపిల్లలకు ఈ పనిలో చోటుంది. నర్సింగ్ చదివే అమ్మాయిలను ఇంట్లో ప్రోత్సహించడానికి ఇది ఒక్కటే చాలిన కారణం.

ఉన్నవాళ్లను ఎట్ల పంచాలె

కేరళ ఉదాహరణ అందరూ చెప్తరు, చెప్పాల్సిందే. 1993లో కోజికోడ్‌లో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలైంది, 2008లో రాష్ట్రం పాలియేటివ్ విధానం తెచ్చింది. అక్కడ పంచాయతీ డబ్బుతో నర్సును పెట్టుకొని, ఆశా, వాలంటీర్లతో కలిసి ఇండ్లకు పంపుతరు. అయితే ఆ నమూనాను మన దగ్గర యథాతథంగా దింపితే నడవదు. కేరళలో గ్రామ పంచాయతీలు 941. ఒక్కోటి మన పెద్ద ఊర్లు నాలుగైదు కలిపినంత. తెలంగాణలో గ్రామ పంచాయతీలు 12 వేలకు పైనే. మన చిన్న పంచాయతీ ఒక నర్సు జీతం మోయలేదు, ఆ ఒక్క ఊర్లో నర్సుకు సరిపడా పనీ ఉండదు. ఇక్కడ మండలం కొలత సరిపోతుంది. మున్సిపాలిటీల్లో నాలుగైదు వార్డులను కలిపిన క్లస్టర్ సరిపోతుంది.

అవసరాన్ని బట్టి వరుస కూడా కావాలి. పైపులున్నవాళ్లు, పుండ్లు పడ్డవాళ్లు, క్యాన్సర్ నొప్పి ఉన్నవాళ్లు ముందు. పక్షవాతం వచ్చి మూడు నెలలు దాటనివాళ్లకు ఫిజియోథెరపీ ముందు, ఎందుకంటే కదలిక ఎక్కువగా తిరిగొచ్చేది ఆ మొదటి నెలల్లోనే. నిలకడగా ఉన్నవాళ్లకు నెలకోసారి నర్సు, మధ్యలో ఆశా ఫోన్ సరిపోతయి. రోగి దవాఖాన నుంచి డిశ్చార్జ్ అయ్యే రోజునే ఆ కాగితం ఆ ఊరి ఏఎన్‌ఎంకు చేరితే ఈ వరుస దానంతట అదే తయారవుతది. ఇప్పుడు ఆ కాగితం ఇంట్లో బీరువాలో ఉంటది.

పుండు పడకముందే

ఇంట్లోవాళ్లు నేర్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, వాటికి నర్సు కోసం ఆగొద్దు. కదలలేని మనిషికి నడుము కింద, మడమల దగ్గర, తుంటి దగ్గర చర్మం కొన్ని గంటల ఒత్తిడికే దెబ్బతింటది. ఎర్రబడి, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే అది పుండుకు మొదలు. అక్కడ రుద్దొద్దు, నూనె పెట్టి మర్దన చేయొద్దు. ఆ వైపు బరువు తీసేయాలి, తడి లేకుండా చూడాలి. గాలి పరుపు ఉన్నా సరే, పక్క మార్చడం మానొద్దు. తినిపించేటప్పుడు తల ఎత్తి కూర్చోబెట్టాలి, తిన్న తర్వాత అర గంట పడుకోబెట్టొద్దు. లేకపోతే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తది. మూత్రం సంచి ఎప్పుడూ నడుము కంటే కిందనే ఉండాలి. జ్వరం, మూత్రంలో రక్తం, పైపులోంచి ఏమీ రాకపోవడం, ఉన్నట్టుండి మగతగా ఉండటం కనిపిస్తే ఇంటి సేవతో సరిపెట్టకుండా 108కి ఫోన్ చేయాలి.

ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టుకుంటే నర్సు అని పంపినవాళ్ల కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూపించమనండి. పగలా, రాత్రా, ఎన్ని గంటలు, సెలవు రోజు బదులు ఎవరొస్తరు, ఏ పని చేస్తరు, ఏది చేయరు, అడ్వాన్స్ తిరిగిస్తరా అన్నవి కాగితం మీద రాయించుకోండి. నోటి మాట మీద పెట్టుకున్న ఇంట్లో మూడో రోజే గొడవైతది. అటెండెంట్ కూడా మనిషే. రాత్రంతా మేలుకొని మళ్లీ పగలు పని చేయమంటే నాలుగు రోజులకు వెళ్లిపోతది, మీ వెతుకులాట మొదటికొస్తది.

పిల్లలు పట్టించుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లాయర్ అక్కర్లేదు. చట్టం ప్రకారం నెలకు 10 వేల రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. వృద్ధుల కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పని చేస్తది. చూసుకునేవాళ్లకే మనసు అలిసిపోయి నిద్ర రాకపోతే టెలీ మానస్ 14416కు చేసి మాట్లాడవచ్చు. మీ ఊరి ఏఎన్‌ఎంను కలిసినప్పుడు అడగాల్సినవి రెండు: వృద్ధుల కార్యక్రమం కింద ఇంటికి వచ్చే జాబితాలో మా పేరు ఉందా, ఆలన బండి మా మండలానికి ఏ రోజు వస్తది.